పరిహారం ఉత్తర్వు ఇచ్చారు, డబ్బు ఎప్పుడిస్తారు? న్యాయశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర న్యాయశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

హత్యకు గురైన మా బావగారి కుటుంబానికి మంజూరైన పరిహారం ఇంకా అందలేదని మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు సమాధానం రాలేదు. జిల్లాలో ఇచ్చిన అర్జీ సంబంధిత శాఖకు పంపడమైనదన్న ఒక్క మెసేజ్‌తో ముగిసిపోయింది. ఇక వేరే దారి కనిపించక నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను.

మా బావగారు రాత్రి దుకాణం కట్టేసి ఇంటికి వస్తుండగా దారికాచిన దొంగల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. చంపినవాళ్లెవరో ఈనాటికీ తేలలేదు. ఆచూకీ దొరకలేదని పోలీసులు కోర్టుకు నివేదిక ఇచ్చారు. ఆ దర్యాప్తు గురించి మా బాధ మాకుంది గాని, ఈ లేఖ దాని గురించి కాదు. నేరస్థుడు దొరక్కపోయినా, కేసు విచారణకు రాకపోయినా బాధిత కుటుంబం పరిహారం అడగవచ్చని పాత నేర ప్రక్రియా స్మృతి 357ఏ సెక్షన్ చెప్పింది, ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత 396 సెక్షన్ కూడా అదే చెబుతోంది. దాని ప్రకారమే మా అక్క దరఖాస్తు చేసుకుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అన్నీ పరిశీలించి, ఆమెను ఓపికగా విని, పరిహారం మంజూరు చేసింది. అక్కడివరకు అందరూ మమ్మల్ని మనుషుల్లాగే చూశారని చెప్పడం నా ధర్మం.

కష్టం ఆ తర్వాతే మొదలైంది. ఉత్తర్వు మీద సంతకం ఉంది, గుండ్రటి సీలు ఉంది, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఉంది. బ్యాంకు ఖాతాలో మాత్రం రూపాయి పడలేదు. అడిగితే ఒకసారి బడ్జెట్ రాలేదన్నారు. మరోసారి బిల్లు ట్రెజరీకి వెళ్లిందన్నారు. ఇంకోసారి పాస్‌బుక్ జిరాక్సు మళ్లీ ఇమ్మన్నారు. ఆర్థిక సంవత్సరం ముగిసింది కాబట్టి కొత్తగా ప్రతిపాదన పంపాలన్నారు. జాబితాలో మీ పేరుంది, మీకంటే ముందువాళ్లు ఉన్నారమ్మా అని చివరికి ఒక గుమాస్తా చెప్పాడు. అతడిని నేను తప్పుపట్టడం లేదు, తన చేతిలో లేనిదాన్ని అతడు మాత్రం ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తాడు? హత్యకు గురైనవారి భార్యాబిడ్డలు వరుసలో నిలబడి వంతు కోసం ఎదురుచూడాల్సిన పరిస్థితి ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న. ఆ వరాండా బెంచీ మీద మా అక్క పక్కన కూర్చునేవాళ్లలో చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరిగిన కేసుల తల్లులు కూడా ఉంటారు. ఎందుకు వచ్చారని ఎవరైనా అడుగుతారేమోనని వాళ్లు తల ఎత్తరు.

మంత్రిగారూ, ఒక్క విషయం మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఉత్తర్వు వచ్చిందన్న ధైర్యంతో, దాని జిరాక్సు చూపించి, అక్క ఊళ్లో ఒక వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. దుకాణం అద్దె బకాయి, పిల్లల స్కూలు ఫీజు, కర్మకాండకు చేసిన చేబదుళ్లు ఆ డబ్బుతోనే తీర్చింది. ఇప్పుడు నెలనెలా ఆ వడ్డీ కట్టడానికి కుట్టు మిషన్ మీద రాత్రి పొద్దుపోయేదాకా జాకెట్లు కుడుతోంది. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు మీద వడ్డీ భర్తను పోగొట్టుకున్న మనిషి కడుతోంది. ఇంకొంతకాలం ఇలాగే గడిస్తే, వచ్చే పరిహారంలో ఎక్కువ భాగం ఆ వ్యాపారికే పోతుంది.

దరఖాస్తు మీద విచారణ రెండు నెలల్లో పూర్తి చేసి పరిహారం ప్రకటించాలని చట్టం గడువు పెట్టింది. ప్రకటించిన డబ్బు ఎన్నాళ్లలో చేతికందాలో ఆ సెక్షన్‌లో లేదు. మా అక్క లాంటివాళ్లు ఆ ఖాళీలోనే ఇరుక్కుపోయారు. పరిహారం దయతో ఇచ్చేది కాదు. నేరస్థుడు పట్టుబడినా పడకపోయినా, శిక్ష పడినా నిర్దోషిగా బయటపడినా, తీవ్రమైన నేరాలన్నిటిలో బాధితుడికి పరిహారం చెల్లించడం రాజ్యం బాధ్యతేనని నేర న్యాయ వ్యవస్థ సంస్కరణల కోసం కేంద్రం వేసిన జస్టిస్ మలిమత్ కమిటీ 2003లోనే చెప్పింది. బాధితులకు తక్షణ ఆర్థిక సహాయం అవసరమా అని చూడటం కోర్టుల విధి అని సురేశ్ వర్సెస్ హర్యానా కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుడి చేతిలోంచి కేసును రాజ్యం తీసుకుని తన పేరు మీద నడుపుతుంది. కోర్టులో బాధితుడు సాక్షిగా మాత్రమే మిగులుతాడు. కాపాడలేకపోయిన రాజ్యమే ఆ లోటు కొంతైనా పూడ్చాలన్న ఆలోచనతో న్యూజిలాండ్ 1963లోనే ఇందుకు చట్టం చేసింది. మనం మొన్నమొన్నటి 2009 సవరణ దాకా ఆగి చట్టమైతే తెచ్చుకున్నాం. రాష్ట్రాల పరిహార పథకాలకు తోడుగా కేంద్రం 2015లో 200 కోట్ల రూపాయలతో కేంద్ర బాధితుల పరిహార నిధిని ఏర్పాటు చేసింది. ఇవన్నీ మీకు తెలియనివి కావు. ఇన్ని తెలిసిన ప్రభుత్వంలో బడ్జెట్ రాలేదన్న మాట ఎలా వినిపిస్తోందో నాకు అర్థం కావడం లేదు.

మేము కోరేది పెద్దదేమీ కాదు. ఉత్తర్వు వచ్చిన తర్వాత చెల్లింపుకు ఒక గడువు పెట్టండి. బిల్లు ట్రెజరీ చుట్టూ తిరగకుండా, ప్రతి జిల్లా సంస్థ దగ్గర ముందుగానే కొంత నిధి ఉంచండి. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వండి. ఏ జిల్లాలో ఎంతమందికి మంజూరైంది, ఎంతమందికి చెల్లించారు అన్నది అందరికీ కనిపించేలా పెట్టండి. ఇవి చేయడానికి సమయం పడుతుందంటే, కనీసం పెండింగ్‌లో ఉన్న ఉత్తర్వులకైనా నిధులు విడుదల చేయండి. అదీ కుదరదంటే, ఎప్పటికి కుదురుతుందో ఒక తేదీ రాసి పంపండి. ఆ తేదీ చూపించి అక్క అప్పిచ్చినాయన దగ్గర గడువు అడుగుతుంది.

దయచేసి పెండింగ్ ఉత్తర్వుల జాబితా ఒకసారి మీ బల్ల మీదకు తెప్పించుకుని చూడండి. నిధులు విడుదల చేయండి.

ఇట్లు,
ఒక హతుడి బావమరిది