సీటు దించితే సైకిల్ చిన్నదైపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

అరవై దాటినవాళ్ళు సైకిల్ తొక్కితే గుండెకి మంచిది, కీళ్ళు పట్టేయకుండా ఉంటాయి అని మీ హెల్త్ పేజీలో ఎన్నోసార్లు చదివాను, బానే ఉంది, కానీ ఏ సైకిల్ తొక్కాలో మాత్రం ఒక్కసారైనా రాయరేంటండీ? నాలాంటి అయిదడుగులు కూడా లేని ఆడవాళ్ళు షాపుకెళ్తే జరిగేది ఒకటే. ఒక పెద్ద సైకిల్ తెచ్చి సీటు మొత్తం కిందకి దించేసి "కాళ్ళు ఆనుతున్నాయిగా మేడమ్, సరిపోయింది" అంటారు. కాదంటే పిల్లల సైకిళ్ళ వైపు చెయ్యి చూపిస్తారు.

సీటు దించితే సైకిల్ చిన్నదైపోదు. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య దూరం పెద్దగా తగ్గదు, చేతులు చాపుకుని ముందుకి వాలి కూర్చోవాల్సిందే, కాసేపటికి మెడా మణికట్టూ పట్టేస్తాయి. దానికన్నా పెద్ద ఇబ్బంది మోకాళ్ళకి. పెడల్‌ని పట్టుకుని తిరిగే కడ్డీ ఉంటుంది కదా, క్రాంక్ అంటారు, పెద్దవాళ్ళ సైకిళ్ళకి ఎక్కువగా 170 మిల్లీమీటర్లదే వస్తుంది, ఆరడుగుల మనిషికీ దాదాపు అదే నాకూ అదే. పొట్టి కాళ్ళకి ఆ పొడవు ఎక్కువ, పైగా సీటు దించేశారేమో, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు పొట్ట దాకా ముడుచుకుంటుంది. అసలే అరిగిన మోకాళ్ళు. అదే 150 మిల్లీమీటర్ల క్రాంక్ వేయించుకుంటే పెడల్ పైకొచ్చినప్పుడు 2 సెంటీమీటర్లు తక్కువ ఎత్తులో ఉంటుంది, అడుగున ఉన్నప్పుడు ఇంకో 2 సెంటీమీటర్లు దగ్గరకొస్తుంది కాబట్టి సీటు అంత పైకి లేపుకోవచ్చు, అంటే మోకాలికి మొత్తం 4 సెంటీమీటర్ల చోటు దొరికినట్టు. అంత చిన్న పార్టు మారిస్తే ఇంత తేడా వస్తుందని అమ్మేవాళ్ళు చెప్పరు, మనకీ అడగాలని తెలీదు.

సీటు ఎంత ఎత్తుండాలో చూసుకోడానికి ఓ సులువైన పద్ధతుంది. ఎవరినైనా సైకిల్ పట్టుకోమని సీటు మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందకి తెచ్చి దాని మీద మడమ పెట్టాలి, అప్పుడు కాలు తిన్నగా రావాలి. తొక్కేటప్పుడు మడమ కాకుండా పాదం ముందు భాగం పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగుతుంది, అదే సరైన ఎత్తు. లెక్క కావాలంటే చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి తొడల సందు నుంచి నేల దాకా కొలిచి 0.883తో గుణించండి, క్రాంక్ తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా అంత దూరం ఉండాలి. నాది 66 సెంటీమీటర్లు, లెక్కేస్తే 58 పైచిలుకు వచ్చింది. పొడుగు క్రాంక్ వాళ్ళ కోసం పుట్టిన లెక్క కాబట్టి దాన్నే పట్టుకుని కూర్చోకుండా అక్కణ్ణుంచి అటూ ఇటూ జరుపుకోవాలి.

అయితే సీటు అంత ఎత్తులో పెట్టుకుంటే కూర్చునే ఉండి రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనవు, వేళ్ళు ఆనితే గొప్ప. వయసులో ఉన్నవాళ్ళు ఆగగానే సీటు మీంచి ముందుకి జారి నిలబడతారు, మనకి అదే భయం, ఎముకలు గుల్లబారిన వయసులో ఆగినచోట పక్కకి ఒరిగి పడినా చాలు తుంటి విరగడానికి. అందుకే నన్నడిగితే మొట్టమొదట చూడాల్సింది ఫ్రేమ్. నడిమి కడ్డీ బాగా కిందకి వంగి, కాలు ఎత్తి తిప్పకుండా అడుగేసినట్టు అవతలకి పెట్టేలా ఉండాలి. లేడీస్ సైకిల్ అని అమ్మేవాటిలో కూడా కొన్నిటికి ఆ కడ్డీ మోకాలంత ఎత్తులో ఉంటుంది, పేరు చూసి మోసపోవద్దు. ఇంకో రకం ఉంది, ఎలక్ట్రా కంపెనీ టౌనీ మోడల్ లాగా పెడల్స్‌ని సీటుకి బాగా ముందుకి జరిపి చేస్తారు, కాలు సరిగ్గా చాపి తొక్కొచ్చు, ఆగినప్పుడు పాదాలు నేలకి ఆనతాయి. ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం లేచి నిలబడి బరువేసి తొక్కడం కుదరదు, చదునైన రోడ్ల వాళ్ళకే అది.

చక్రాల సంగతి. చిన్న ఫ్రేమ్‌కి పెద్ద చక్రాలు తగిలిస్తే మలుపులో కాలి బొటనవేలు ముందు టైరుకి తగులుతుంది. అమెరికాలో జార్జినా టెర్రీ అనే ఆవిడ 1985లో ఆడవాళ్ళ కోసమే సైకిళ్ళ కంపెనీ పెట్టి, ముందు 24 అంగుళాల చిన్న చక్రం వెనక మామూలు చక్రం వేసి ఈ గొడవ తీర్చింది. అంటే దారి తెలిసి నలభై ఏళ్ళయింది! ఇప్పుడైతే రెండూ 24 లేదా 20 అంగుళాలవి తీసుకోవచ్చు, చిన్న చక్రాలు కదా నెమ్మదిగా పోతాయని కొందరంటారు, గేర్లు సరిగ్గా ఉంటే అదేం లేదు. కాస్త లావు టైర్లు వేయించుకుని గాలి మరీ బిగించకుండా ఉంటే గతుకులు నడుముదాకా రావు.

సీటు విషయంలో అందరూ దిండులా మెత్తనిది కొనేస్తారు. బాగా మెత్తగా ఉంటే కూర్చునే ఎముకలు లోపలికి దిగిపోయి చుట్టూ ఉన్న మెత్తని భాగం నొక్కుకుని ఇంకా తిమ్మిరెక్కుతుంది, నిటారుగా కూర్చునేవాళ్ళకి వెడల్పు కావాలి కానీ కొంచెం గట్టిగానే ఉండాలి. బ్రేకు లివర్ కూడా పట్టి చూడండి, నా వేళ్ళు రెండో గణుపు దాకా కూడా అందవు చాలా సైకిళ్ళలో. చాలా లివర్లకి లోపలివైపు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లివర్ హ్యాండిల్ దగ్గరకొస్తుంది, రెండు నిమిషాల పని, కానీ అడిగితే తప్ప ఎవరూ చెయ్యరు.

మూడు చక్రాలది కొనుక్కోమని మా ఇంట్లో సలహా ఇచ్చారు. బ్యాలెన్స్ అసలు లేనివాళ్ళకి మంచిదే, కాకపోతే అది మలుపులో వాలదు, స్పీడుగా తిప్పితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. బ్యాటరీ సైకిళ్ళు చాలావరకు 20 కిలోలు దాటుతాయి, 45 కిలోల మనిషి దాన్ని మెట్ల మీదకి ఎలా ఎక్కిస్తుంది?

నా విన్నపం ఒకటే. మీ పేపర్లో కొత్త సైకిళ్ళ గురించి రాసేటప్పుడు గేర్లెన్ని, రంగులెన్ని అని కాకుండా సీటు అన్నిటికన్నా కింద ఉన్నప్పుడు ఎత్తెంత, కడ్డీ దాటడానికి కాలు ఎంత ఎత్తాలి, క్రాంక్ పొడవెంత, బరువెంత, ఈ నాలుగూ వేయండి. కంపెనీలు చెప్పకపోతే చెప్పలేదని కూడా వేయండి.

ఇట్లు
ఒక పొట్టి పాఠకురాలు