కవరు మీద నా పేరు, లోపల మరొకరి కాగితం

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో ఒక ఆర్థిక సంస్థ నుంచి మా ఇంటికి వార్షిక ఖాతా వివరాల కవరు వచ్చింది. కవరు మీది పారదర్శకమైన కిటికీలో నా పేరు, విశాఖపట్నం మర్రిపాలెంలోని మా ఇంటి నంబరు, పిన్‌కోడు అన్నీ సరిగానే ఉన్నాయి. లోపల రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది నాదే. రెండోది గాజువాకలో ఉండే ఒక పెద్దాయనది. దాని మీద ఆయన ఖాతా సంఖ్య, నిల్వ, నామినీగా రాసిన కుమార్తె పేరు, పుట్టిన తేదీ ఉన్నాయి. ముక్కూ మొహమూ తెలియని మనిషి ఇంటి సంగతులు నా చేతిలో పెట్టుకుని కూర్చోవడం నాకు చాలా ఇబ్బందిగా అనిపించింది. మరునాడు బస్సెక్కి వెళ్లి ఆ కాగితం ఆయనకు ఇచ్చి వచ్చాను. ఆయనకు కూడా అదే సంస్థ కవరు వచ్చింది. తీసి చూస్తే, అందులోని రెండో కాగితం అనకాపల్లిలో ఉండే ఒక మహిళది.

రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాలు సార్టింగు చేసి పదవీ విరమణ పొందినవాణ్ని. గళ్లలో వేయాల్సిన ఉత్తరం పక్క గడిలో పడితే అది వేరే ఊరికి వెళ్లేది. అక్కడివారు దాని మీద ‘మిస్‌సెంట్’ ముద్ర వేసి తిరిగి పంపేవారు. ఆ తప్పు మా ఎర్రర్ బుక్కులోకి ఎక్కేది, సంజాయిషీ కూడా చెప్పుకోవలసి వచ్చేది. అయితే ఆ తప్పు ఒక్క ఉత్తరంతో ఆగిపోయేది, పైగా కవరు విప్పకుండానే బయటపడేది. ఇప్పుడు జరిగిన తప్పు స్వభావం వేరు. కవర్లలో కాగితాలు వేసే యంత్రంలో పేరున్న మొదటి కాగితాలు ఒక దొంతిగా, రెండో కాగితాలు మరో దొంతిగా పేర్చి ఉంటాయి. యంత్రం రెండు దొంతుల నుంచి ఒక్కొక్కటి లాగి, మడిచి, కవరులోకి తోస్తుంది. రెండో దొంతిలో ఎక్కడైనా రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి వెళ్లిపోతే, ఆ క్షణం నుంచి దొంతి పూర్తయ్యేదాకా ప్రతి ఒక్కరికీ తన తరువాతి వ్యక్తి కాగితమే చేరుతుంది. తేమ పీల్చుకున్న కాగితం ఎలా అంటుకుంటుందో ఈ సముద్రపు ఊళ్లో ప్రెస్సు నడిపే ఎవరినడిగినా చెబుతారు. గాజువాక పెద్దాయన కవరులో అనకాపల్లి కాగితం కనబడగానే, ఇది ఒకటో రెండో కవర్లకు పరిమితమైన పొరపాటు కాదని నాకు అర్థమైంది.

సంస్థకు ఫోను చేస్తే, అచ్చు వేయడం, కవర్లలో పెట్టడం బయటి ఏజెన్సీ చూసుకుంటుందని, తూకం, కాగితాల లెక్క సరిపోయాకే కవర్లు బయటికి వస్తాయని చెప్పారు. ఆ సమాధానమే నన్ను ఈ లేఖ రాయడానికి పురిగొల్పింది. దొంతి ఒక కాగితం మేర జరిగినప్పుడు, అంటుకున్న కాగితాలు పడిన కవరు, చివరి కవరు తప్ప మిగతా ప్రతి కవరులోనూ రెండు కాగితాలే ఉంటాయి, బరువూ మారదు. ఆ కవర్లను తూచినా లెక్కపెట్టినా తేడా తెలియదు. కాగితం మీద ఏముందో చదివితే తప్ప ఈ తప్పు దొరకదు. గంటకు పది వేలకు పైగా కవర్లు నింపగల యంత్రాలున్న ఈ రోజుల్లో ఆ చదివే పని మనిషి కంటికి సాధ్యం కాదు. అది కెమెరాలకు అప్పగించాల్సిన పని.

ఆ ఏర్పాటు కొత్తదీ కాదు, అంతుపట్టనిదీ కాదు. అచ్చు వేసేటప్పుడే ప్రతి కాగితం అంచున చిన్న చదరపు కోడు వేస్తారు. 1994లో జపానులో రూపొంది ఇప్పుడు మన కూరగాయల బండ్ల దాకా వచ్చిన క్యూఆర్ కోడు ఈ రకానిదే. ఆ కోడులో ఇది ఎన్నో నంబరు ఖాతాదారుది, మొత్తం ఎన్ని పేజీల్లో ఎన్నోది అన్న సంగతి ఉంటుంది. కాగితం దొంతి నుంచి కదిలి వెళుతుండగా పైనున్న కెమెరా దాన్ని చదువుతుంది. రెండు దొంతుల నంబర్లూ కలిస్తేనే కాగితాలు కవరులోకి వెళతాయి. కలవకపోతే యంత్రం ఆగుతుంది, లేదా ఆ కవరును పక్క పళ్లెంలోకి తోసేస్తుంది. కవరు అంటించాక చివర మరో కెమెరా కిటికీలోంచి కనబడే చిరునామాను చదివి, ఫలానా నంబరు కవరు పూర్తయిందని నమోదు చేస్తుంది. పని ముగిశాక ఆ నమోదును అసలు జాబితాతో సరిచూస్తే, పాడైపోయినవీ తప్పిపోయినవీ ఏవో తేలుతాయి, వాటినే మళ్లీ అచ్చు వేయవచ్చు. పాత యంత్రాలు కాగితం అంచున నల్ల గీతలను గుర్తుపట్టేవి. ఒకరి కాగితాలు ఎక్కడితో ముగిశాయో ఆ గీతలు చెప్పగలవు గానీ, ఆ కాగితాలు ఎవరివో చెప్పలేవు. గీతలున్నాయి కదా అని కెమెరాలు అక్కరలేదనే వారు ఈ తేడాను గమనించాలి.

కిటికీ దగ్గర ఉండే చివరి కెమెరాను కొందరు అనవసరమైన ఖర్చుగా చూస్తారు. 2017లో అమెరికాలో ఒక ఆరోగ్య బీమా సంస్థ దాదాపు 12 వేల మందికి పంపిన ఉత్తరాల్లో, కవరు కిటికీలోంచి హెచ్‌ఐవీ మందుల ప్రస్తావన బయటికి కనబడింది. ఇంట్లోవారికీ పక్కింటివారికీ తెలియకూడదనుకున్న సంగతి ఆ కిటికీ వల్ల బయటపడింది. మరుసటి ఏడాది ఆ సంస్థ 1.7 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీ చేసుకోవలసి వచ్చింది. ఆ కెమెరా చిరునామా ఉందా అని మాత్రమే చూస్తే చాలదు, కిటికీలో చిరునామా తప్ప మరేదీ కనబడడం లేదని కూడా చూడాలి.

కెమెరాలకూ పరిమితులున్నాయి. అద్దం మీద ధూళి పేరుకున్నా, సిరా పలచబడినా కోడు చదవలేక యంత్రం మాటిమాటికీ ఆగుతుంది. గడువు దగ్గరపడినప్పుడు, ఆగుతోందన్న విసుగుతో కెమెరాను ఆపేసి పని కానిచ్చే వీలు ఉండకూడదు. కంప్యూటరులోని జాబితాలోనే తప్పు చిరునామా ఉంటే కెమెరా దాన్ని పట్టుకోలేదు కూడా. మన ఊళ్లో ఇంటి నంబర్లు మూడు భాగాలుగా, ఒక్కోసారి చివర ఏటవాలు గీత పెట్టి మరో అంకెతో ఉంటాయి గనుక ఆ జాబితాను సరిచూడడం వేరే పనిగా పెట్టుకోవలసిందే. ఇంకొక్క మాట: కాగితం అంచున వేసే కోడులో క్రమసంఖ్య మాత్రమే ఉండాలి. పేరో ఖాతా సంఖ్యో అందులో పెడితే, ఫోను కెమెరా ఉన్న ప్రతివాడూ దాన్ని చదవగలడు.

తపాలా శాఖ ముంబై, చెన్నైలలో 1990లలోనే ఉత్తరాలను యంత్రాలతో సార్టింగు చేయడం మొదలుపెట్టింది. 1972 ఆగస్టు 15న మొదలైన ఆరంకెల పిన్‌కోడు ఉత్తరాన్ని సరైన ఊరికి చేర్చే పనిని ఎంతో సులభం చేసింది. కవరు బయటి భాగం మీద ఇంత శ్రద్ధ పెట్టిన మనం, లోపలి కాగితాన్ని ఏజెన్సీ మాట మీద వదిలేశాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, పొరపాటున సమాచారం బయటపడడాన్ని కూడా ఉల్లంఘనగానే లెక్కిస్తుంది. ఆ సంగతిని సంబంధిత వ్యక్తులకు, ఆ చట్టం కింద ఏర్పడే సమాచార పరిరక్షణ బోర్డుకు తెలియజేయాలంటుంది. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. అచ్చయ్యేదాకా ఈ వివరాలన్నీ కంప్యూటరులోనే ఉంటాయి గనుక, కవరు మారడమూ ఈ చట్టం పరిధిలోకే రావాలన్నది నా అభిప్రాయం. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఏర్పాట్లు చేసుకోవడానికి అది చాలినంత సమయం.

మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), విశాఖ కేంద్రంగా పనిచేసే తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ శాఖలు పెద్ద ఎత్తున నోటీసులూ పత్రాలూ అచ్చు వేయించి పంపే పనికి టెండర్లు పిలిచేటప్పుడు, ప్రతి పేజీని కెమెరాతో సరిచూడాలనీ, ఆ నమోదును నిర్ణీత కాలం భద్రపరచాలనీ షరతు పెట్టాలని కోరుతున్నాను. వీటిలో లోపం జరిగిందని నేను అనడం లేదు. ప్రభుత్వ సంస్థలు అలా అడగడం మొదలుపెడితే ఏజెన్సీలు ఆ యంత్రాలు పెట్టుకోక తప్పదు, వాటితో పని చేయించుకునే బ్యాంకులకూ బీమా సంస్థలకూ ఆ మేలు అందుతుంది. ఫిర్యాదు చేసినవారికి వారి కవరు నమోదు చూపించే బాధ్యత కూడా ఒప్పందంలో ఉండాలి.

నా విషయంలో ఆ నమోదే లేదు. జాబితాలో నాకు ముందున్న వ్యక్తి కవరులోకి నా రెండో కాగితం వెళ్లి ఉంటుంది. ఆ వ్యక్తి ఎవరో చెప్పమని సంస్థకు రెండుసార్లు రాశాను. జవాబు ఇంకా రాలేదు.

భవదీయుడు,
విశ్రాంత ఆర్‌ఎంఎస్ ఉద్యోగి,
మర్రిపాలెం, విశాఖపట్నం.