అలంపురం దారిలో ఆగబోయే అమ్మాయికి

బెంగళూరు

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నమ్మాయికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ అల్లుడుగారు, పిల్లవాడు కులాసా అని తలుస్తాను.

ప్రయాగకు విమానంలో వెళ్లి త్రివేణీ స్నానం చేసి రాగలిగే రోజుల్లో మీ నాన్నగారూ నేనూ పట్టుబట్టి కర్నూలు దగ్గర తుంగభద్ర ఒడ్డునున్న అలంపురం ఎందుకు వెళ్లివస్తున్నామని, అసలు అక్కడ సంగమం కనిపిస్తుందా అని ఫోనులో అడిగావు. కనిపించదు. గుళ్ల పక్కనున్న ఘాటు మెట్లు దిగితే నీ కాళ్లకు తగిలేది ఒక్క తుంగభద్ర నీరే. కృష్ణ వచ్చి కలిసే చోటు ఇంకా దిగువన, కూడవెల్లి దగ్గర ఉంది. అక్కడ పూర్వం సంగమేశ్వరుడి గుడి ఉండేది, ఆ గుడీ ఇప్పుడు అక్కడ లేదు. అయినా అలంపురం తప్పక చూడవలసిన ఊరే అంటాను.

తుంగ, భద్ర రెండూ పశ్చిమ కనుమల్లో గంగామూలమనే చోట పుట్టి, వేర్వేరు దారుల్లో పారి, శివమొగ్గ దగ్గర కూడలి అనే ఊళ్లో కలుస్తాయి. అంటే తుంగభద్ర అనే పేరు ఒక సంగమంతో మొదలై, కృష్ణలో కలిసే ఇంకో సంగమంతో ముగుస్తుంది. మన పక్కింటి కన్నడ ఆవిడ ‘తుంగా పానం, గంగా స్నానం’ అంటూ శృంగేరి నీళ్ల రుచిని మెచ్చుకున్నప్పుడల్లా, ఆ నీళ్లే సుంకేసుల దగ్గర కె.సి. (కర్నూలు-కడప) కాలువలోకి మళ్లి మా పుట్టింటి మడులకు పారాయని నేనూ గొప్ప చెప్పుకుంటాను. గంగ మీద నాకు భక్తి లేకపోలేదు, కానీ అన్నం పెట్టిన నది ఇది.

ఇక కూడవెల్లి సంగతి. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యుల కాలంలో కట్టిన ఆ సంగమేశ్వరాలయం, శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు జలాశయంలో మునిగిపోయే జాబితాలో చేరింది. పురావస్తు శాఖవారు దానిని రాయి రాయి విడదీసి, తెచ్చి, అలంపురంలో మళ్లీ పేర్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్ల గుంపును కూడా అలాగే తరలించారు. ఊరిని, నవబ్రహ్మ ఆలయాలను ముంపు నుంచి కాపాడటానికి నది వైపు ఎత్తైన గోడ కట్టారు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలుతో పాటు అలంపురం కూడా నీట మునిగిందనుకో, నది తలచుకుంటే గోడలెంత! రాళ్లను తరలించడంలో చూపిన ఓర్పు మనుషుల విషయంలో చూపలేదన్నది మా ప్రాంతంవాళ్లందరి మనసులోని మాట. భూములూ ఇళ్లూ పోగొట్టుకున్న కుటుంబాల పిల్లలు నిర్వాసితులకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (జీవో) పట్టుకుని ఆ ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. సంగమేశ్వరుడి ముందు నిలబడినప్పుడు ఈ మాట కూడా నీకు గుర్తుండాలని రాస్తున్నాను.

అదే జలాశయంలో ఇంకో సంగమేశ్వరం ఉంది, నంద్యాల జిల్లాలో ముచ్చుమర్రి వైపు. ఏడు నదులు కలిసే చోటని దానికి పేరు. ఆ గుడిని ఎవరూ కదల్చలేదు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే, అది సుమారు 840 అడుగుల దిగువకు పడిపోయినప్పుడు మాత్రమే గుడి బయటపడుతుంది, ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్పుకునే వేపకర్ర లింగానికి అప్పుడే పూజలు జరుగుతాయి, వానలు రాగానే స్వామి మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతాడు. ఒక సంగమేశ్వరుడు నదిని విడిచి ఊళ్లోకి వచ్చాడు, ఇంకొకడు నదిలోనే ఉండిపోయాడు. ఈ ఇద్దరిలో ఎవరి పద్ధతి మేలని మీ నాన్నగారూ నేనూ దారి పొడుగునా వాదించుకున్నాం. స్థలం విడిచిన దేవుడికి మహిమ తగ్గుతుందని ఆయన వాదన. రోజూ దీపం వెలగని గుడికన్నా మనుషుల మధ్య ఉన్న గుడే నయమని నా పక్షం.

అష్టాదశ శక్తిపీఠాలలో అయిదవదైన జోగులాంబ దర్శనం గురించి నీకు వేరే చెప్పనక్కరలేదు. అమ్మవారి పాత ఆలయం పద్నాలుగో శతాబ్దపు దాడుల్లో ధ్వంసమైతే, మూర్తిని బాలబ్రహ్మేశ్వరుడి గుడిలో దాచి శతాబ్దాల పాటు అక్కడే పూజించారు. ఇప్పుడున్న ఆలయం 2005లో వచ్చింది. ఉగ్రరూపం చల్లబడటానికని చుట్టూ నీటి గుండం పెట్టారు. తలపై బల్లి, తేలు ఉన్న ఆ మూర్తిని చూసి పిల్లవాడు భయపడితే బలవంతపెట్టవద్దు.

నువ్వు ఎక్కువసేపు ఉండవలసింది నవబ్రహ్మ ఆలయాల దగ్గర. పేరుకు బ్రహ్మలే గానీ లోపల ఉన్నవన్నీ శివలింగాలు. తారకబ్రహ్మ ఆలయం తప్ప మిగిలినవాటి శిఖరాలు ఉత్తరాది నాగర పద్ధతిలో లేచి, పైన ఆమలకం, అంటే ఉసిరికాయ ఆకారపు రాతి చక్రం, ధరించి ఉంటాయి. తెలుగుగడ్డ మీద ఇంత చిన్న ఊళ్లో ఇన్ని అలాంటి శిఖరాలు ఒక్కచోట కనిపించడం అరుదు. ఇరుకైన లోపలి ప్రదక్షిణ మార్గంలో నడుస్తుంటే, రాతి జాలీ కిటికీల గుండా వెలుతురు ముక్కలు ముక్కలుగా గోడల మీద పడుతుంది. స్వర్గబ్రహ్మ ఆలయం బాదామి చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలం నాటిది. దాని గోడల మీది దిక్పాలకులను తొందరపడకుండా ఒక్కొక్కరినీ చూడు. మనం పట్టదకల్లు వెళ్లినప్పుడు చూసిన గళగనాథ ఆలయానికి ఇది దగ్గరి బంధువులా ఉంటుంది. పూజ జరిగేది ముఖ్యంగా బాలబ్రహ్మేశ్వరుడికే కాబట్టి జనం అక్కడే గుమిగూడతారు, తక్కినవి నీకు ఖాళీగా దొరుకుతాయి.

కృష్ణా పుష్కరాలు 2028లో వస్తాయి. అప్పటిదాకా ఆగుదామని అల్లుడుగారు అనవచ్చు, కానీ ఆ రద్దీలో పిల్లవాడితో గుళ్లు చూడటం సాధ్యపడదు. హైదరాబాదు నుంచి బెంగళూరు దారిలో సుమారు 200 కిలోమీటర్లు వచ్చాక, కర్నూలు వంతెన ఇంకా రాకముందే అలంపూర్ చౌరస్తా తగులుతుంది. అక్కడ ఎడమవైపు తిరగాలి. ఎండ ముదరకముందే చేరేలా తెల్లవారుజామున బయలుదేరండి, చెప్పులు విడిచాక రాతి పరుపు మీద నడవలేరు. దసరా సెలవుల్లో వచ్చేటట్లయితే తేదీ ముందుగా చెప్పు. మేము రైలులో కర్నూలు వచ్చి పెద్దమామయ్య ఇంట్లో దిగి, పులిహోర కట్టుకుని, మీకు అలంపురంలో ఎదురుపడతాం. తిరుగుదారిలో మీ కారులోనే అందరం బెంగళూరు వచ్చేయవచ్చు.

ఆశీస్సులతో,
అమ్మ