క్రియాటినిన్ పక్కన ఈజీఎఫ్ఆర్ వేయరెందుకు?

సంపాదకులకు నమస్కారం.

‘ఫుల్ బాడీ చెకప్, 80 పరీక్షలు’ అనే ప్రకటనలు ఈమధ్య పేపర్లలో తెగ వస్తున్నాయి. నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను కాబట్టి, కాలనీలో ఎవరు రక్తపరీక్ష చేయించుకున్నా కాగితాలు మా ఇంటికే వస్తాయి. మొన్న పక్కింటి అక్క తెచ్చింది. 65 ఏళ్ల మనిషి, చాలాకాలంగా బీపీ, రోజూ టెల్మిసార్టన్ 40 అనే బీపీ గోళీ వేసుకుంటుంది. రిపోర్టు చూస్తే చిన్న పుస్తకమే. హోమోసిస్టీన్ ఉంది, విటమిన్ డి ఉంది. ఒంట్లో వాపును చూపే, గుండె ముప్పు అంచనాకు వాడే హెచ్ఎస్ సీఆర్‌పీ ఎక్కువుందని ఎర్రగా అచ్చేశారు. “గుండెకేమన్నా అయిందా తమ్ముడూ” అని ఒకటే టెన్షన్. తీరా అడిగితే, రక్తం ఇచ్చిన రోజు పంటి చిగురు వాచి ఉందట! ఏ కొంచెం ఇన్ఫెక్షన్ ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది. తగ్గాక మళ్లీ చూస్తేగానీ ఆ అంకెకు విలువ లేదు.

చూడాల్సింది లోపలి పేజీలో నల్లగా, బుద్ధిగా కూర్చుంది: కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్ 1.1, నార్మల్. ముప్పై ఏళ్ల మగవాడికి అది నార్మలే, ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ను వయసుతో, ఆడో మగో అన్నదానితో కలిపి లెక్కకట్టే కిడ్నీల వడపోత వేగం) 90 దాటుతుంది. 65 ఏళ్ల ఆడమనిషికి అదే 1.1 అంటే 55 దగ్గర. 60 కంటే తక్కువగా మూడు నెలలకు మించి ఉంటే కిడ్నీ జబ్బు కిందే లెక్క.

కిడ్నీలో వడపోత పని చేసేవి సన్నటి రక్తనాళాల చుట్టలే. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువుంటే ఆ నాళాల లోపలి పొర దెబ్బతిని మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ జారుతుంది. మిగతా ఒంట్లో నాళాలూ పాడవుతున్నాయనడానికి అదో గుర్తు. మొదట్లో పడే కొద్దిపాటి ఆల్బుమిన్ మామూలు స్ట్రిప్‌కు దొరకదు. యూరిన్ ఏసీఆర్ (మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి) చేయాలి, 30 లోపు ఉండాలి. అక్క చేయించుకున్న 80లో అది లేదు. పొటాషియమూ లేదు. టెల్మిసార్టన్ వాడేవాళ్లలో పొటాషియం పెరగొచ్చు కాబట్టి అది చూడాల్సిందే. ఇది చదివి ఎవరూ గోళీ మానేయకండి, ఆల్బుమిన్ పడుతున్న కిడ్నీని కాపాడేదీ ఆ గోళీయే.

ఈజీఎఫ్ఆర్‌కు అదనంగా చుక్క రక్తం అక్కర్లేదు. వయసు, ఆడో మగో ల్యాబ్ కంప్యూటర్‌లో ఎలాగూ ఉంటాయి. క్రియాటినిన్ చేసిన ప్రతి ల్యాబూ పక్కనే దాన్నీ వేయాలి. తెలంగాణలో పీహెచ్‌సీల నుంచి శాంపిళ్లు సర్కారు డయాగ్నస్టిక్ హబ్‌లకు ఉచితంగానే వెళ్తున్నాయి. బీపీ గోళీలు తీసుకునేవాళ్ల కార్డులో ఏడాదికోసారి ఈజీఎఫ్ఆర్, ఏసీఆర్ రాయడానికి రెండు గళ్లు పెట్టించాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ