2025 వార్షిక నివేదిక: మన సంఘం కార్యక్రమాలు, జట్టు ఎంపికపై సభ్యుల అభిప్రాయం

గౌరవనీయులైన సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారాలు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటున్న తెలుగు ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) అభిమానుల సంఘం తరఫున 2025 సీజన్ నివేదికను నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో అన్నిటికన్నా చెప్పుకోదగ్గది ఆగస్టులో జరిపిన ‘ఎంపిక రాత్రి’. నివేదికలో ఎక్కువ భాగం దానికీ, అక్కడ తేలిన అభిప్రాయాలకూ ఇచ్చాను. తక్కిన విషయాలు క్లుప్తంగా ఉన్నాయని ఎవరూ నొచ్చుకోవద్దని మనవి.

ముందుగా సీజన్ సంగతి. మనలో అత్యధికులు అభిమానించే వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు 14 మ్యాచ్‌లు గెలిచి కూడా తొమ్మిదో స్థానంలో ఆగిపోయి, మొదటి ఎనిమిది జట్లకే దక్కే ఫైనల్స్‌కు దూరమైంది. వచ్చే ఏడాది నుంచి పదో స్థానం వరకు ఫైనల్స్ కోసం పోటీపడే వైల్డ్‌కార్డ్ అవకాశం ఉంటుందని లీగ్‌ను నడిపే ఏఎఫ్ఎల్ ఆ తరువాత ప్రకటించడం పుండు మీద కారం చల్లినట్టయింది. కెప్టెన్ బాంటెంపెల్లి పిక్క కండరం గాయంతో తొలి రౌండ్లు ఆడలేదు. 2024లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు (ఆ ఏడాది లీగ్‌లోని ఉత్తమ ఆటగాళ్ల గౌరవ జట్టుకు) ఎంపికైన ట్రెలోర్ సీజన్‌ను అదే పిక్క గాయం దాదాపుగా మింగేసింది. డార్సీ మోకాలి దెబ్బతో మధ్యలో చాలా వారాలు బయటే ఉన్నాడు. అయినా గాయాల పేరు చెప్పి అంతా సరిపెట్టుకోవడానికి మన సభ్యులు ఒప్పుకోలేదు. కింది జట్ల మీద బాగా గెలిచిన మనం పై జట్ల మీద ఎక్కువసార్లు ఎందుకు ఓడామన్నది ఏడాది పొడవునా మన సమావేశాల్లో నలిగిన ప్రశ్న, ఆ ప్రశ్న ప్రతిసారీ తిరిగి తిరిగి జట్టు ఎంపిక దగ్గరికే వచ్చి ఆగేది.

ఎంపిక రాత్రి పుట్టింది ఈ చర్చల్లోంచే. ఆఖరి రౌండ్‌లో ఫ్రీమాంటిల్‌తో మ్యాచ్‌కు ముందు గురువారం సాయంత్రం టార్నీట్‌లోని ఒక కమ్యూనిటీ హాలులో సభ్యులే ఎంపిక కమిటీగా కూర్చున్నారు. ఆదివారం మ్యాచ్‌లకు క్లబ్బులు గురువారం నాడు పెద్ద జాబితా మాత్రమే ఇచ్చి తుది పేర్లు తరువాత ప్రకటిస్తాయి కాబట్టి, ఆ జాబితాలోంచి 23 మందిని తేల్చే పని మనకు దొరికింది. తెల్లబోర్డు మీద అండాకారంలో మైదానం గీసి, రెండు చివరలా యాభై మీటర్ల గీతలు దిద్ది, ఆటగాళ్ల పేర్లను మన పిల్లలు తెలుగులో అట్టముక్కల మీద రాసి అయస్కాంతాలతో అంటించారు. బాంటెంపెల్లి పేరు ఒక అట్టలో ఇమడక రెండు ముక్కలు అతికించాల్సి వచ్చింది.

ఆ రాత్రికి మేము పెట్టిన నియమం ఒక్కటే. మైదానంలో 18 మంది, బెంచి మీద నలుగురు, మధ్యలో ఒకరిని పూర్తిగా తప్పించి అతని బదులు దిగే సబ్‌స్టిట్యూట్ ఒకడు. వీరిలో ఎవరి పేరు ప్రతిపాదించినా ఆ రోజు అతను చేయవలసిన పని ఏమిటో, అతని కోసం ఎవరిని తప్పిస్తారో అదే నోటితో చెప్పాలి. ఈ నియమం వల్లే సభ రక్తి కట్టింది. అప్పటిదాకా ఫలానా కుర్రవాణ్ని ఎందుకు ఆడించరని కోచ్ ల్యూక్ బెవరిజ్ మీద విరుచుకుపడిన వారంతా, బోర్డు మీది నుంచి ఒక అట్టముక్క తీయమనేసరికి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. పొడుగరులైన నాటన్, డార్సీ ఇద్దరూ ముందు వరుసలో ఉండగా, బంతిని ఎగరేసినప్పుడు గాల్లోకి లేచి కొట్టే రక్‌మన్ టిమ్ ఇంగ్లిష్ విశ్రాంతి పేరిట అక్కడే నిలబడితే, బంతి నేలబడ్డాక ప్రత్యర్థి డిఫెండర్ల వెంటపడేది ఎవరన్న ప్రశ్న మీద పెద్ద వాదమే జరిగింది. పాయింట్ కుక్ నుంచి క్రమం తప్పకుండా వచ్చే ఒక పెద్దమ్మగారు, పొడుగువాళ్లు క్యాచ్ పట్టిన రోజు అందరూ చప్పట్లు కొడతారనీ, పట్టని రోజు బంతిని అక్కడే అట్టిపెట్టే పొట్టివాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టుకోమనీ చెప్పి, వెళ్లి ఒక పొడుగరి అట్టముక్కను స్వయంగా తీసి బల్ల మీద పెట్టారు. ఆమెతో విభేదించిన వారు కూడా ఆ ముక్కను తిరిగి అంటించే సాహసం చేయలేదు. మ్యాచ్ మనం ఓడిపోయామన్నది వేరే సంగతి.

ఫుట్‌స్క్రేలో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఆ రాత్రి మన ఆహ్వానం మీద వచ్చి మాట్లాడారు. 1989 అక్టోబరులో ఫుట్‌స్క్రే క్లబ్‌ను (నేటి మన బుల్‌డాగ్స్‌నే) ఫిట్జ్‌రాయ్ క్లబ్‌లో కలిపేస్తున్నట్టు ప్రకటన వచ్చినప్పుడు, పీటర్ గోర్డన్ వంటి వారి నాయకత్వంలో అభిమానులు ఇంటింటికీ, వీధి వీధికీ తిరిగి చందాలు పోగుచేసి క్లబ్‌ను నిలబెట్టిన వైనాన్ని ఆయన చెబుతుంటే హాలంతా నిశ్శబ్దంగా విన్నది. ఎంపిక విషయం కోచ్‌లకు వదిలేయాలి, చూసేవాళ్లకెందుకు అనే మాట మన సంఘంలోనూ అప్పుడప్పుడు వినిపిస్తుంది. అభిమానుల డబ్బుతో ప్రాణం నిలుపుకున్న క్లబ్ విషయంలో ఆ మాట చెల్లదని నా నిశ్చితాభిప్రాయం. నిర్ణయం కోచ్‌దే, కానీ దాన్ని ప్రశ్నించే హక్కు టికెట్ కొన్నవాడికీ ఉంది.

సభ్యుల వాదనలన్నీ విన్నాక మన సంఘం అభిప్రాయంగా తేలిన దాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. జట్టును ఆటగాడి పేరును బట్టి కాక, ఆ వారం ఆ పనికి అతను సరిపోతాడా, ఒంట్లో పూర్తి సత్తువ ఉందా అన్నదాన్ని బట్టి ఎంచాలి. వినడానికి ఇది అందరూ ఒప్పుకునే మాటే. కప్పును తేల్చే ఆఖరి మ్యాచ్ అయిన గ్రాండ్ ఫైనల్ వారం వచ్చేసరికి మాత్రం పెద్ద పెద్ద క్లబ్బులే దీన్ని మరిచిపోతాయి.

2022 గ్రాండ్ ఫైనల్‌ను తీసుకోండి. జీలాంగ్ యువ ఆటగాడు మ్యాక్స్ హోమ్స్‌కు అంతకు ముందు వారం ప్రిలిమినరీ ఫైనల్‌లో తొడ వెనక కండరం పట్టేసింది. అతను ఆడతానని తహతహలాడినా కోచ్ క్రిస్ స్కాట్ పక్కన పెట్టి మార్క్ ఓకానర్‌ను తీసుకున్నాడు. అదే మ్యాచ్‌కు సిడ్నీ గజ్జ కండరం గాయంతో ఉన్న శామ్ రీడ్‌ను ఆడించి మధ్యలోనే బయటికి పిలవాల్సి వచ్చింది. జీలాంగ్ 133, సిడ్నీ 52. అంత తేడాకు రీడ్ ఒక్కడే కారణమని నేను అనను. కానీ రెండేళ్లు తిరగగానే 2024లో అదే సిడ్నీ, చీలమండ బాగోలేని లోగన్ మెక్‌డొనాల్డ్‌ను గ్రాండ్ ఫైనల్‌లో దించి అతన్నీ మధ్యలోనే తప్పించి, బ్రిస్బేన్ చేతిలో 120-60తో చిత్తయినప్పుడు, దాన్ని కేవలం దురదృష్టం అనడానికి మనసు ఒప్పలేదు.

ఈ ఏడాది సెప్టెంబరు 27న బ్రిస్బేన్ ఇదే సమస్యను మరో విధంగా పరిష్కరించింది. పిక్క గాయం నుంచి అప్పుడే కోలుకుంటున్న లాకీ నీల్‌ను మొదటి నుంచీ ఆడించకుండా సబ్‌స్టిట్యూట్‌గా ఉంచి, సగం ఆట అయ్యాక దించింది. సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకాలు రెండున్న ఆటగాణ్ని సగం మ్యాచ్ బెంచి మీద కూర్చోబెట్టడానికి గుండె ధైర్యం కావాలి. బ్రిస్బేన్ 122-75తో జీలాంగ్‌ను ఓడించింది. వచ్చే సీజన్ నుంచి సబ్‌స్టిట్యూట్‌ను రద్దు చేసి బెంచి మీద ఐదుగురిని ఉంచుతారు కనుక ఇలాంటి ఎత్తుగడకు ఇక చోటు లేదు. ఒక కోణంలో అది మంచిదే. సబ్‌స్టిట్యూట్‌గా వెళ్లే కుర్రవాడికి ఇటు పై స్థాయిలో పూర్తి ఆటా దక్కదు, అటు రిజర్వ్స్‌లో (క్లబ్ రెండో జట్టులో) నాలుగు క్వార్టర్లు పరిగెత్తే అవకాశమూ పోతుంది. అయితే సగం కోలుకున్న ఆటగాడి విషయంలో కోచ్‌లు ఇకపై మరింత కఠినంగా ఉండక తప్పదు.

తప్పించిన ఆటగాడి పట్ల ఎలా ప్రవర్తించాలన్నది రెండో సంగతి. 1993లో ఎస్సెండన్ తరఫున ఆ సీజన్‌లో ప్రతి మ్యాచ్ ఆడిన డెరెక్ కికెట్‌ను గ్రాండ్ ఫైనల్‌కు తీసుకోలేదు. జట్టు గెలిచింది, అతను మళ్లీ ఆ క్లబ్‌కు ఆడలేదు. 2010లో కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా 68-68తో సమానంగా నిలిచి వారం తరువాత మళ్లీ ఆడినప్పుడు, లియాన్ డేవిస్ స్థానంలో టైసన్ గోల్డ్‌సాక్ వచ్చాడు. మ్యాచ్‌లో తొలి గోల్ కొట్టింది గోల్డ్‌సాకే. కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. మార్పు సరైనదే అయినా డేవిస్‌కు పతకం దక్కలేదు. ఆటపరంగా ఒప్పు అయినంత మాత్రాన మనిషికి జరిగిన కష్టం లేకుండా పోదు. ఈ విషయంలో మన బెవరిజ్‌కు నేను పూర్తి మార్కులు వేస్తాను. 2016లో ఏడో స్థానం నుంచి వచ్చి 62 ఏళ్ల తరువాత కప్పు గెలిచిన రోజు, సీజన్ మొదట్లోనే మోకాలు దెబ్బతిని ఆడలేకపోయిన కెప్టెన్ బాబ్ మర్ఫీని వేదిక మీదికి పిలిచి తన పతకం అతని మెడలో వేసిన సందర్భం మనలో చాలామందికి కళ్ల ముందే ఉంది.

అదే బెవరిజ్ 2024లో మాక్రే, కేలెబ్ డానియల్ ఇద్దరినీ కొన్ని వారాలు రిజర్వ్స్‌కు పంపడాన్ని మాత్రం మన సభ్యుల్లో సగం మంది ఈనాటికీ జీర్ణించుకోలేకపోతున్నారు. మాక్రే మూడుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్. 168 సెంటీమీటర్ల ఎత్తుతో, నెత్తిన హెల్మెట్‌తో ఆడే డానియల్ 2016 కప్పు జట్టులోని వాడు, మన పిల్లలకు ఆరాధ్యుడు. ఆ సీజన్ ముగియగానే ఇద్దరూ వేరే క్లబ్బులకు వెళ్లిపోయారు. నా అభిప్రాయం మిగతా సగంతో ఉంది. వెనక వైపు హాఫ్ బ్యాక్‌లో ఆడే ఎడ్ రిచర్డ్స్‌ను మధ్య వరుసకు తెచ్చిన తరువాత ఆ వరుసకు వచ్చిన వేగం పాత కూర్పులో లేదు. ముందు వరుసలో విఫలమై రిజర్వ్స్‌కు వెళ్లిన రోరీ లాబ్‌ను వెనక వరుసకు మార్చి తిరిగి తీసుకోవడం ఈ దశాబ్దంలో మన క్లబ్ చేసిన తెలివైన ఎంపికల్లో ఒకటి. పేరును కాక పనిని చూడాలని వాదించే మనం, తప్పించినవాడు మనకు ఇష్టుడైనప్పుడు మాత్రం అల్లరి చేయడం సబబు కాదు. ఈ పేరా మీద సభలో వాగ్వాదం తప్పదని తెలిసే రాస్తున్నాను.

ఇక పిల్లలకు ఫుటీ నేర్పే ఆస్‌కిక్ ఉదయాలు ఈ ఏడాదీ కొనసాగాయి. చిన్న వయసు వారికి అందరికీ సమానంగా ఆట దక్కాలన్నది మన పద్ధతి. తమ అబ్బాయినే మధ్యలో ఆడించమని గీత దగ్గర నిలబడి ఒత్తిడి చేసే తల్లిదండ్రులు పై పేరాలన్నీ పెద్దల లీగ్‌కే వర్తిస్తాయని దయచేసి గమనించగలరు. మైదానంలో దీపాల కోసం, శీతాకాలపు సాయంత్రాల్లో కేటాయింపు కోసం స్థానిక అధికారులకు పెట్టిన దరఖాస్తు ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిరుగుతూనే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, కొత్త ఫారం.

కృతజ్ఞతలు చెప్పవలసిన వారు చాలామంది ఉన్నారు. ఎంపిక రాత్రికి పులిహోర, దద్దోజనం వండి తెచ్చిన వెర్రిబీ కుటుంబాలకు, టీ ఫ్లాస్కులు ఖాళీ కాకుండా చూసుకున్న ట్రుగనీనా మిత్రులకు, అట్టముక్కలు రాసిన పిల్లలకు, మైకు సర్దిన యువకులకు, తన జ్ఞాపకాలు పంచిన ఫుట్‌స్క్రే పెద్దాయనకు, ఏడాదంతా ఓపికగా రసీదులు రాసిన కోశాధికారి గారికి, అధ్యక్షుల వారికి సంఘం తరఫున మనఃపూర్వక ధన్యవాదాలు. లెక్కలు తనిఖీ అయ్యాయి. చందాలు, విరాళాలు ఖర్చులకు సరిపోయి కొద్దిపాటి మిగులు ఉంది. వివరాలు కోశాధికారి గారి పత్రంలో చూడవచ్చు.

ఒక మాట చెప్పక తప్పదు. ఎంపిక రాత్రికి స్వచ్ఛంద సేవకుల జాబితాలో పేర్లు నిండుగా ఉన్నాయి. హాలు తెరిచే వేళకు తాళంచెవి ఉన్న సభ్యుడు రాలేదు, కుర్చీలు వేయవలసిన బృందం ఉపన్యాసం మొదలయ్యాక వచ్చి ముందు వరుసలో కూర్చుంది. చివర్లో హాలు ఊడ్చింది అధ్యక్షుల వారు, ఇద్దరు గృహిణులు, నేను. ఎవరినీ పేరు పెట్టి అనడం లేదు. రాలేనివారు ముందురోజైనా ఒక సందేశం పంపితే వేరొకరిని చూసుకుంటాం.

ఈ సమావేశం తేల్చవలసినవి రెండున్నాయి. పైన రాసిన ఎంపిక అభిప్రాయాన్ని సంఘం లేఖగా క్లబ్‌కు పంపాలా వద్దా అన్నది చేతులెత్తే ఓటుతో నిర్ణయిస్తాం. సవరణలు ఉంటే సభ మొదలయ్యే ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. వచ్చే ఏడాదికి కార్యవర్గ ఎన్నిక కూడా ఈ సభలోనే ఉంటుంది. స్వచ్ఛంద సేవకుల సమన్వయకర్త పదవికి ప్రతిపాదించే సభ్యుడు సభలో స్వయంగా ఉండి అంగీకారం తెలిపితేనే నామినేషన్ చెల్లుతుందని కార్యవర్గం తీర్మానించింది.

ఇట్లు,
కార్యదర్శి