15,300 కిలోమీటర్లకి ఎన్ని గంటలురా?

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఎక్కడా ఆగని విమానంలో వెళ్తున్నావని చదివి ఎంత సంతోషమేసిందో! ప్రపంచంలోని అతి పొడవైన సర్వీసుల్లో అదొకటి.

ఇక నీ ప్రశ్న. దూరం సుమారు 15,300 కిలోమీటర్లు, వేగం గంటకి 900, అంటే 17 గంటలు చాలాలి కదా, టికెట్టు మీద 18న్నర పైనే ఉందేమిటని అడిగావు. నువ్వు చూసిన దూరం భూగోళం మీద రెండు ఊళ్లకీ మధ్య దారం బిగించి లాగితే వచ్చేది. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. తుఫాన్లుంటే పక్కకి జరగాలి, కొన్ని దేశాల మీదుగా అనుమతి ఉండదు. 2022లో రష్యా గగనతలం మూసుకుపోయాక హెల్సింకి నుంచి టోక్యోకి తొమ్మిదిన్నర గంటల ప్రయాణం దాదాపు 13 గంటలైంది. ఊళ్లు అక్కడే ఉన్నాయి, దూరమూ మారలేదు! పైగా టికెట్టు మీది లెక్క గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, పైకెక్కడం, దిగడం అన్నీ అందులోనే.

అసలు సంగతి గాలిది. నాకు ఇందులో బాగా నచ్చేది అదే. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం ఉంటుంది. ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటి వీస్తుంది. లండన్, న్యూయార్క్‌ల మధ్య దూరం ఎటు నుంచి చూసినా 5,550 కిలోమీటర్లే. కానీ లండన్ నుంచి న్యూయార్క్‌కి ఎదురుగాలిలో వెళ్లాలి కాబట్టి, తిరుగు ప్రయాణం కంటే గంట దాకా ఎక్కువ పడుతుంది. 2020 ఫిబ్రవరిలో ఓ తుఫాను ముందు గాలి అందుకున్న విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది! భూమి తిరగడం వల్లే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు గానీ, భూమితో పాటు గాలీ తిరుగుతుంది కదరా. నీ విమానానికి కూడా ఆ రోజు గాలిని చూసే దారి వేస్తారు. వెనక నుంచి తోసే గాలి దొరికితే దారి కాస్త పొడవైనా అటే పోతారు, ఇంధనం మిగులుతుంది.

బల్లపరుపు మ్యాపు మీద స్కేలు పెట్టి గీత గీయకు. టోక్యో నుంచి న్యూయార్క్‌కి దగ్గర దారి అలాస్కా వైపుగా పోతుందంటే మ్యాపు చూసినవాళ్లు నమ్మరు.

ఇంకో మాట. టికెట్టు మీద టైములు ఏ ఊరివి ఆ ఊరివే. రాత్రి 11:30కి ఎక్కి మర్నాడు ఉదయం 6కి దిగుతావనుకో, ఆరున్నర గంటలే అనిపిస్తుంది. రెండు ఊళ్లకీ వేసవిలో 12 గంటలు, చలికాలంలో 13 గంటలు తేడా. అది కలిపితేనే అసలు లెక్క. న్యూయార్క్‌లో ఇంకో విమానం మారాలన్నావు, మధ్యలో గంటన్నర సరిపోదు. మూడు గంటలైనా ఉండేలా మార్చుకో, ఎదురుగాలి ఎక్కువుంటే నువ్వు దిగేసరికే ఆలస్యం కావచ్చు.

అమ్మకి మాత్రం నువ్వు దిగే టైము ఇంట్లో గడియారం ప్రకారం చెప్పి వెళ్లు, లేకపోతే టెన్షన్ పడుతుంది. తిరుగు ప్రయాణం ఏ నెలలోనో రాయి, అటు నుంచి ఎన్ని గంటలో కూర్చుని లెక్కేద్దాం.

నీ నేస్తం