సిట్‌గ్రీవ్స్ కనుమలో బండి ఆపిన పెద్దావిడకి

అందరికీ నమస్కారం. నాన్నగారు బాగానే ఉన్నారు, ఇందాకే రెండిడ్లీలు తిని పడుకున్నారు. ఫోన్లు చేసినవాళ్లకి విడివిడిగా జవాబివ్వలేకపోతున్నాను, కళ్లు మూతలు పడుతున్నాయి. ఇది రాయకపోతే మాత్రం నిద్ర పట్టదు.

నాన్నగారు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. గ్రాండ్ కాన్యన్ తర్వాత చూద్దాం, ముందు అమెరికా పాత హైవే రూట్ 66 చూపించరా అన్నారు. 1926లో నంబరు పడిన రోడ్డు, షికాగో నుంచి కాలిఫోర్నియా సముద్రం ఒడ్డుదాకా. ఆరిజోనాలో కింగ్‌మన్ నుంచి ఓట్‌మన్‌కి వెళ్లే పాత ముక్క, చెట్లన్నీ కొట్టేసిన శ్రీశైలం ఘాట్‌లా ఉంటుంది. ఆ దారిలో సిట్‌గ్రీవ్స్ కనుమ ఎక్కుతుంటే కారు వేడెక్కి ఆగిపోయింది. ఎండ. నాన్నగారికి షుగరు. చెమటలు పట్టి మాట తడబడింది.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే "ఏ ఎగ్జిట్ దగ్గరున్నారు?" అని ఒకటే ప్రశ్న. ఎగ్జిట్‌లంటే ఫ్రీవే దిగే దారులు, ఈ రోడ్డుకి అవి లేవు తల్లీ అంటే వినదు. 1985లో రూట్ 66 నంబరు తీసేశారు, ఇప్పుడిది కాగితాల మీద కౌంటీ రోడ్డు, మన జిల్లా రోడ్డులాంటిది. రోడ్డు ఇక్కడే ఉంది, మనుషులు తిరుగుతున్నారు, వాళ్ల కంప్యూటరులో మాత్రం లేదు!

అప్పుడు ఆగిందో పాత పికప్. డెబ్బై దాటిన తెల్లావిడ. నన్నేమీ అడగలేదు. నాన్నగారిని తన బండి నీడలో కూర్చోబెట్టి, మెడమీద తడిగుడ్డ వేసి, ఆరెంజ్ జ్యూస్ గుక్కగుక్కగా తాగించింది. తర్వాత ఆ దుమ్ములోనే పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, కునుకు పట్టకుండా కబుర్లు మొదలుపెట్టింది. పాత కార్లలో పెట్రోలు దానంతటదే కిందికి జారి ఇంజనుకి చేరేదట. ఇంత ఏటవాలులో అందక, కొందరు రివర్స్‌లో ఎక్కేవాళ్లట. భయపడినవాళ్లు డబ్బులిచ్చి లాగించుకునేవాళ్లట. నాన్నగారు కళ్లు తెరిచి "గ్రేడియంట్ ఎంత?" అన్నారు. నేను కొండవైపు తిరిగి ఏడ్చేశాను.

కింగ్‌మన్ ఆస్పత్రికి తన బండిలోనే తీసుకెళ్లి, డాక్టరు బయటికొచ్చేదాకా కూర్చుంది. పాత రోడ్డు కోసం పనిచేసే సంఘంలో సభ్యురాలట. 1978లో ఫ్రీవే పక్కనుంచి పోయి సెలిగ్‌మన్ ఊరు పడుకుంటే, అక్కడి మంగలి ఏంజెల్ డెల్గడిల్లో ఊరివాళ్లని కూడగట్టి 1987లో పెట్టిన సంఘం. దారిపక్క లాడ్జీల్లాంటి పాత మోటళ్లు, బోర్డులు బాగుచేయడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం చిన్న గ్రాంట్లిచ్చే పథకం కూడా 2019తో ముగిసిపోయిందట. కొత్త ఫ్రీవేలకి కోట్లు, దీనికి మాత్రం పైసా లేదా? పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఈ రోడ్డు మీద పాత మోటల్లో ఒక రాత్రి ఉండండి, అక్కడే భోంచేయండి, చాలు" అంది. పేరు రాయొద్దంది. అమ్మా, మీకు శతకోటి దండాలు.

మా ఆవిడ, బావ ఎలాగూ ఉన్నారు, వాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు.

అయ్యో, మర్చిపోయాను: ఫోన్లో ధైర్యం చెప్పిన వేగస్ తెలుగు డాక్టరుగారు, కారు కిందికి దింపిన టో ట్రక్ కుర్రాడు. ఇంకా, రాత్రి గది అద్దె తగ్గించి నాన్నగారికి పెరుగన్నం పంపిన మోటల్ పటేల్‌గారు. అది పాత రోడ్డు మీది మోటలే, ఆవిడకి చెప్పాలి.